చిన్న ప్రసార కేంద్రం ఎవరిది?

2025 మే నెలలో సరస్వతీ నది పుష్కరాలు జరిగినప్పుడు కాళేశ్వరం వెళ్లినాను. మహదేవపూర్ దాటిన తర్వాత దారికి ఇరువైపులా అడవి, దాని చివర గోదావరి, ప్రాణహిత కలిసే చోటు, ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ. రేవు మెట్ల మీద కూర్చొని యాత్రికుల మాటలు రికార్డు చేసుకుంటుండగా ఒక వృద్ధుడు నా చేతిలోని మైకును కాసేపు పరిశీలనగా చూసి, ఇట్లా అన్నాడు: "సారూ, మా ఊరి ముచ్చట మీరు పట్నం తీస్కపోతున్నరు, మంచిదే. మరి పట్నం నుంచి మా ఊరికి తెచ్చేటప్పుడు అందుల మా ముచ్చట ఎంత ఉంటది?"

నేను నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న ఊరుకోలేదు. చిన్న ఊళ్లకు అందే రేడియో గాని, టెలివిజన్ గాని ఏ పెద్ద సంస్థకు అనుబంధంగా పనిచేయాలి, అందులో తన సొంత మాటకు ఎంత చోటు మిగలాలి అన్న విషయం ప్రసార చరిత్రలో మొదటి నుంచి ఉన్నదే. అధికార్లు దానిని పరిపాలనా విషయం అంటారు. ఆ వృద్ధుడికి మాత్రం అది తన ఊరి విషయం. ఈనాటి ప్రసంగంలో దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

చిన్న కేంద్రం దినచర్య ఎట్లా ఉంటుందో ముందు చూద్దాం. ఒక కేంద్రం దినానికి పదిహేను గంటలు ప్రసారం చేస్తుందనుకోండి. ఆ పదిహేను గంటలకూ సరిపడే సంగీతం, నాటకం, వార్త, ప్రసంగం తానే తయారు చేయడం చిన్న కేంద్రానికి సాధ్యం కాదు. అందుకు కళాకారులు కావాలి, స్టూడియోలు కావాలి, అన్నిటికీ మించి డబ్బు కావాలి. కాబట్టి పెద్ద కేంద్రం ప్రసారాన్ని అందుకొని తన ట్రాన్స్‌మిటర్ ద్వారా తిరిగి పంపుతుంది. దీనినే రిలే అంటున్నాము. తన సొంత కార్యక్రమాలు కొన్ని, రిలే కార్యక్రమాలు కొన్ని. ఈ రెండింటి పాలు ఎంతెంత అన్నదే కేంద్రం స్వభావాన్ని నిర్ణయిస్తుంది. పూర్తిగా రిలే మీద బతికే కేంద్రానికి యంత్రం ఉంటుంది గాని గొంతు ఉండదు. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇందుకు మన హైదరాబాదు కేంద్రం చరిత్రే మంచి నిదర్శనం. 1930ల ప్రారంభంలో తపాలా తంతి శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే ఉత్సాహవంతుడు చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టినాడు. అది అచ్చంగా ఒక వ్యక్తి అభిరుచి నుంచి పుట్టిన కేంద్రం. 1935లో నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొన్నది. 1939లో స్టూడియోలు ఖైరతాబాదులోని యావర్ మంజిల్ భవనానికి మారినవి. సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చినది. శ్రోతలు దానిని దక్కన్ రేడియో అని పిలుచుకొన్నారు. ఔరంగాబాదులో మరొక కేంద్రం నిజాం రాష్ట్రానికే ఉండేది.

దక్కన్ రేడియోలో ప్రధాన భాష ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలే రాజ్యంలో అధిక సంఖ్యాకులైనా, ఆ భాషలకు దొరికిన వేళ స్వల్పం. రేడియో సెట్టు ఉన్న ఇల్లు కరీంనగరం జిల్లాలో ఏ దొరగారి గడిలోనో, ఏ తహసీల్దారు బంగళాలోనో ఉండే కాలమది. మహదేవపూర్ పరగణాలో పట్టుకాయలు ఏరి, దసలి పట్టు దారం తీసి, చీరలు నేసే ఇళ్లకు ఆ గొంతు చేరనే లేదు. చేరినా అది వారి భాషలో మాట్లాడేది బహు తక్కువ.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైనది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు, ఔరంగాబాదు కేంద్రాలు ఆలిండియా రేడియోలో చేరినవి. ఒకే కేంద్రం పాతిక సంవత్సరాలు తిరగకముందే మూడు చేతులు మారినది: మొదట ఒక వ్యక్తి, తర్వాత ఒక సంస్థానం, ఆ తర్వాత దేశవ్యాప్తమైన ఒక మహాసంస్థ.

ఈ మూడో మార్పు వల్ల కలిగిన లాభాన్ని నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. తెలుగు ప్రసారాలకు వేళ పెరిగినది. 1938లో ప్రారంభమైన మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం పెంచి పోషించిన తెలుగు రేడియో నాటకం, లలిత సంగీతం హైదరాబాదుకు వచ్చినవి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, స్థానం నరసింహారావు వంటివారు హైదరాబాదు కేంద్రంలో పనిచేసినారు. ఒంటరిగా ఉన్న చిన్న కేంద్రం ఇంతటివారిని తన మైకు ముందుకు రప్పించగలిగేదా? అనుబంధం అంటే లొంగిపోవడమేనని అనుకోవడం అందుకే పొరపాటు.

పైగా ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపు నుంచే జరగలేదు. మైసూరులో 1935లో ఎం.వి. గోపాలస్వామి అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు తన ఇంట్లో ఒక చిన్న ప్రసార కేంద్రం నెలకొల్పినాడు. ఆ కేంద్రం పేరు ఆకాశవాణి. అది కూడా 1950లోనే ఆలిండియా రేడియోలో కలిసినది. కలిసి మాయమైపోయినదా? లేదు. 1957లో యావద్భారత సంస్థకూ ఆకాశవాణి అన్న పేరు స్థిరపడినది. ఒక అధ్యాపకుడి ఇంట్లో వినిపించిన పేరు దేశమంతటి పేరైనది. చిన్న కేంద్రానికి సొంత గొంతంటూ ఉంటే పెద్ద సంస్థ కూడా దాని నుంచి ఎంత పుచ్చుకోగలదో దీనివల్ల తెలుస్తున్నది.

ఇక టెలివిజన్ సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ చూపే ప్రయోగం మన దేశంలో జరిగినది. ఆరు రాష్ట్రాలలో రమారమి 2,400 గ్రామాలను అందుకు ఎన్నుకొన్నారు. వాటిలో తెలుగు గ్రామాలున్నవి. తెలుగు కార్యక్రమాల తయారీకి హైదరాబాదులో ఒక కేంద్రం ఏర్పడినది. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించి ఆ గ్రామాల భాషలో మాట్లాడటమే ఆ ప్రయోగం లక్ష్యం. అది ముగిసిన తర్వాత, 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ప్రారంభమైనవి.

1982 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం, దానితోపాటు రంగుల టెలివిజన్ వచ్చినవి. 1984 ప్రాంతంలో దేశమంతటా చిన్న పట్టణాలలో తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్లు పుట్టగొడుగుల వలె లేచినవి. 100 వాట్ల యంత్రం, ఒక ఉక్కు స్తంభం, ఉపగ్రహం వైపు తిరిగిన పళ్లెం వంటి ఒక యాంటెన్నా. అంతే. స్టూడియో లేదు. అనౌన్సర్ లేడు. చుట్టుపక్కల పదిహేను ఇరవై కిలోమీటర్ల మేర బొమ్మ కనిపించేది. ఉపగ్రహం నుంచి అందేది ఢిల్లీ కార్యక్రమం గనుక తెలుగు పట్టణాల ఇళ్లలో హిందీ మాట వినిపించేది. 1987లో రామాయణం ధారావాహిక మొదలైనప్పుడు, భాష సగం అర్థం కాకపోయినా, ఆదివారం ఉదయం ఊరంతా ఒక్క పెట్టె ముందు చేరి చూసిన దృశ్యం నా తరంవారికి బాల్యస్మృతి. కథ తెలిసినదే కాబట్టి సరిపోయినది. తెలియని సంగతి చెప్పవలసి వస్తే ఏమయ్యేది?

రానురాను హైదరాబాదు కార్యక్రమాలు ఈ చిన్న ట్రాన్స్‌మిటర్లకు అందినవి. తెలుగు ఉపగ్రహ ఛానెల్ ఏర్పడినది. దానికి తర్వాత సప్తగిరి అని పేరు వచ్చినది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు సప్తగిరి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినది, తెలంగాణకు యాదగిరి అన్న పేరుతో ఛానెల్ వచ్చినది. చిన్న ట్రాన్స్‌మిటర్ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. దాని గుండా వెళ్లే మాట ఒకప్పుడు ఢిల్లీది, ఒకప్పుడు హైదరాబాదుది. చివరకు కాలం చెల్లిన ఈ భూతల ట్రాన్స్‌మిటర్లను, వ్యూహాత్మక ప్రాంతాలలోని ఓ యాభై మినహా, 2022 మార్చి 31 నాటికి మూసివేయాలని ప్రసార భారతి నిర్ణయించినది. ఆ పట్టణాలలో చాలామందికి వాటి మూసివేత తెలియనైనా తెలియలేదు. తనకంటూ ఒక మాట లేని కేంద్రం మూతపడితే ఎవరికి లోటు?

ఈలోగా మరొకటి వచ్చినది. 1995లో జెమినీ, ఈటీవీ వంటి తెలుగు ఛానెళ్లు ప్రారంభమైనవి. మండల కేంద్రాలలో కేబుల్ నడిపే యువకులు బయలుదేరినారు. స్తంభం నుంచి స్తంభానికి తీగలు లాగి, నెలనెలా చందా వసూలు చేసేవారు. వారిలో కొందరు తమ సొంత ఛానెల్ ఒకటి పెట్టుకొన్నారు. అందులో ఊరి జాతర, బడి వార్షికోత్సవం, పెళ్లి వీడియో, తప్పిపోయిన పశువు ప్రకటన కనిపించేవి. దాని సాంకేతిక నాణ్యత ఎంతో నేను చెప్పనక్కరలేదు. కాని తమ వీధిని తాము తెరపై చూసుకొన్న ప్రజల ముఖాలలో కనిపించిన వెలుగును తక్కువ చేసి మాట్లాడలేను.

తర్వాత డిజిటల్ పద్ధతి వచ్చినది. పల్లెలతో సహా దేశమంతటికీ చివరి గడువు 2017 మార్చి 31. ఊరి కేబుల్ యజమాని ఏదో ఒక పెద్ద పంపిణీ సంస్థకు అనుబంధం కాక తప్పలేదు. అతడు ఒక సంస్థను విడిచి మరొక సంస్థలో చేరితే, ఇంట్లోని సెట్‌టాప్ పెట్టె మారవలసి రావచ్చు. అనుబంధం మార్చుకొన్నది యజమాని. ఖర్చు భరించవలసినది చందాదారు.

ఈ పరిస్థితి మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో టెలివిజన్ మొదటి నుంచీ ఈ అనుబంధాల మీదనే నడిచినది. అక్కడ ఊరూరా స్థానిక కేంద్రాలు ప్రైవేటు ఆస్తులు. ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ వంటి పెద్ద సంస్థలతో ఒప్పందం చేసుకొని వాటి కార్యక్రమాలు ప్రసారం చేస్తవి. తొలి దశాబ్దాలలో పెద్ద సంస్థలే స్థానిక కేంద్రాలకు డబ్బు చెల్లించేవి. కాలక్రమాన అది తలక్రిందులై, స్థానిక కేంద్రాలే పెద్ద సంస్థలకు చెల్లించే స్థితి వచ్చినది. 1994 మే నెలలో న్యూ వరల్డ్ అనే సంస్థ తన కేంద్రాలలో పన్నెండింటిని ఫాక్స్ నెట్‌వర్క్‌కు మార్చడానికి ఒప్పుకొన్నది. అంతకు కొన్ని నెలల ముందే ఫాక్స్ అక్కడి ఫుట్‌బాల్ పోటీల ప్రసార హక్కు కొనుక్కొన్నది. దరిమిలా పెద్ద పెద్ద నగరాలలో ప్రేక్షకులు తమకు అలవాటైన కార్యక్రమం ఏ ఛానెల్‌కు వెళ్లినదో వెతుక్కోవలసి వచ్చినది.

అదే దేశంలో మాంటానా రాష్ట్రంలో గ్లెండైవ్ అనే చిన్న పట్టణమున్నది. టెలివిజన్ వ్యాపారం లెక్కలో అది దేశంలోకెల్లా చిన్న ప్రాంతం. ఇళ్లు రమారమి నాలుగు వేలు. అక్కడి కేంద్రం 1957లో ప్రారంభమైనది. ఒకే కేంద్రం రెండు పెద్ద సంస్థల కార్యక్రమాలను పంచుకొని ప్రసారం చేసినది. ఇద్దరు యజమానుల కొలువు చేస్తూనే చాలా సంవత్సరాలు తన ఊరి వార్తలను తానే చదువుకొన్నది. అమెరికాలోని మహానగరాల కేంద్రాలను గాక ఈ గ్లెండైవ్‌ను నేను తలచుకోవడానికి కారణం, అది మహదేవపూర్ వంటి ఊళ్లకు దగ్గర బంధువు కావడమే. కొలువు ఎవరిదైనా, దినంలో కొంత వేళను తన ఊరికోసం దాచుకొన్న కేంద్రమది.

ఇంతవరకు చెప్పినదంతా వినోదానికి సంబంధించినదే అయితే నేను ఇంత పట్టుదలగా మాట్లాడవలసిన పని లేదు. 2022 జూలైని జ్ఞాపకం చేసుకోండి. కాళేశ్వరం దగ్గర గోదావరి ఉగ్రరూపం దాల్చినది. మేడిగడ్డ వద్ద ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు దాటినది. మహదేవపూర్ మండలంలోని కన్నెపల్లి పంపుహౌస్ మునిగిపోయినది. ఆ నీరే దిగువకు పోయి జూలై 16న భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టునాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరదను భద్రాచలం చూడలేదు.

ఈ నదుల తీరు తెలిసినవారికి ఒక విషయం విదితమే. కాళేశ్వరం వద్దకు వచ్చే నీటిలో పెద్ద పాలు ప్రాణహితది. ప్రాణహితకు నీరు వార్ధా, వైనగంగ నదుల నుంచి, అనగా మహారాష్ట్రలోని విదర్భ వైపు నుంచి వస్తుంది. మహదేవపూర్‌లో చినుకు లేకున్నా, ఎండ కాస్తున్నా, ఎక్కడో నాగపురం వైపు కురిసిన వాన రెండు మూడు దినాలకు ఇక్కడి పొలాల మీదికి రావచ్చు. రాజధాని వార్తలలో రాజధాని వాన గురించి చెబుతారు. రాష్ట్ర వార్తలలో గోదావరికి వరద వచ్చినదని చెబుతారు. అవి రెండూ నిజమైన వార్తలే. కాని ఒడ్డున ఉన్న మనిషికి కావలసినది వేరు. ఏ వాగు దారికి అడ్డంగా పొంగినది? ఏ ఊరివారు ఏ బడికి చేరాలి? ఈ రాత్రి నీరు పెరుగుతుందా, తగ్గుతుందా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఢిల్లీ నుంచి రాదు, హైదరాబాదు నుంచి కూడా రావడం కష్టం. దగ్గరి కేంద్రంలో మైకు ముందు కూర్చున్న మనిషి, జిల్లా అధికార్లతో మాట్లాడి, అప్పటికప్పుడు చెప్పవలసినవి అవి.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా రేడియో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని వరదలో ముందు పోయేది కరెంటు. కరెంటు పోతే టవర్లు ఎంతోసేపు నిలవవు. రెండు బ్యాటరీలతో పనిచేసే రేడియోకు ఆ బెడద లేదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఫోనులో చేతులు మారి వచ్చే సందేశానికి ఎవరూ పూచీదారు కారు. కట్ట తెగినదన్న పుకారు ఒక్కటి చాలు, అర్ధరాత్రి ఊరు ఊరంతా పరుగెత్తడానికి. ప్రసార కేంద్రం చెప్పిన మాటకు కేంద్రమే బాధ్యత వహిస్తుంది.

స్థానికావసరాలు గుర్తించకపోలేదు. 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో దేశంలో మొదటి స్థానిక రేడియో కేంద్రం ప్రారంభమైనది. 1986లో ఆదిలాబాదు, 1990లో వరంగల్లు కేంద్రాలు వచ్చినవి. వరంగల్లు కేంద్రం 103.5 మెగాహెర్ట్జ్ మీద పలుకుతున్నది. అయితే ఎఫ్.ఎం. తరంగానికి ఒక పరిమితి. అది ఇంచుమించు చూపు సాగినంత దూరమే సాగుతుంది, గుట్టలు అడ్డం వస్తే తడబడుతుంది. మీడియం వేవ్ నేల వెంబడి చాలా దూరం పాకుతుంది గాని ఉరుములు మెరుపుల వేళ గరగరలాడుతుంది. ఈ రెండింటి మధ్య అడవి అంచున ఉన్న మహదేవపూర్ వంటి ఊళ్లు ఉంటవి. సిరోంచలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నవి. వారికి రాష్ట్రం మహారాష్ట్ర, నది మాత్రం ఒక్కటే. తరంగానికి సరిహద్దు లేదు కాబట్టి, ఈ ఒడ్డు కోసం చెప్పిన హెచ్చరిక ఆ ఒడ్డుకూ పనికివస్తుంది.

మహదేవపూర్ కూడా ఎన్నో అనుబంధాలు మారిన ఊరే. నిజాం రాజ్యంలో ఉన్నది, హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014లో తెలంగాణలోకి వచ్చినది. 2016 అక్టోబరు 11న కరీంనగరం జిల్లాను విడిచి భూపాలపల్లి జిల్లాలో చేరినది. ఇన్ని మారినా దసలి పట్టు నేసే చేతులు అవే, ప్రాణహిత వరద అదే. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన ఊరి అవసరం మారదు. ప్రసార కేంద్రం విషయంలోనూ ఇంతే.

అందుచేత నాకు తోచిన మాట రెండు ముక్కలలో చెబుతాను. మొదటిది: ఎంత చిన్న కేంద్రమైనా, అది ఎవరికి అనుబంధమైనా, దినంలో ఒక అరగంట అయినా దాని సొంతమై ఉండాలి. ఆ అరగంట మీద పై కేంద్రానికి చేయి వేసే అధికారం ఉండరాదు. రెండవది: ఆపద వేళ రిలేను ఆపి, స్థానికంగా మాట్లాడే అధికారం ఆ క్షణాన విధిలో ఉన్న ఉద్యోగికి ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చి ఉంచాలి. పై అనుమతి వచ్చేవరకు నది ఆగదు.

ఈ రెండూ సాధించడానికి ఉద్యోగులు మాత్రమే చాలరు. శ్రోతలు కూడా పూనుకోవాలి. ఫలానా పాట వేయండని ఉత్తరం రాసినట్లే, మా వాగు సంగతి, మా అంగడి ధర, మా పంటకు వచ్చిన తెగులు గురించి ఎందుకు చెప్పలేదని కూడా రాయాలి. శ్రోతలు పట్టించుకోని వేళను పై కేంద్రం తీసుకుపోవడం తేలిక. అడిగేవారున్న వేళను తీసుకుపోవడం అంత తేలిక కాదు.

కాళేశ్వరం రేవులో ఆ వృద్ధుడికి ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయినాను. ఇప్పుడు చెబుతున్నాను. పెద్దాయనా, మీ ముచ్చటకు ఎంత చోటు ఉంటుందని మీరు అడగడం మానని నాళ్లు, అంతో ఇంతో చోటు ఉంటుంది. ఆ చోటును కాపాడవలసిన బాధ్యత మాది. వచ్చే వానాకాలంలో గోదావరి పెరిగిన రాత్రి మీ ఇంట్లో రేడియో తిప్పితే, అందులో మీ ఊరి పేరు వినిపించాలి. అది వినిపిస్తే మా ఉద్యోగం సార్థకమైనట్లే.